యుద్ధానంతర పునర్నిర్మాణం – 5వ భాగం: గోధుమ ఓడలు, జలవిద్యుత్ కేంద్రాలు

యుద్ధంలో చితికిపోయిన దేశానికి ఇతర ప్రభుత్వాలు అందించే సాయాన్ని చరిత్రకారులు సాధారణంగా రెండుగా విడదీసి చూస్తారు. ఆకలి, చలి, అంటువ్యాధుల నుంచి మనుషులను తక్షణం కాపాడే సాయం మొదటిది కాగా, రైలుమార్గాలు, రేవులు, వంతెనలు, విద్యుత్ కేంద్రాలు, గనులు వంటి మౌలిక సదుపాయాలను తిరిగి నిలబెట్టి, ఆ దేశం తన కాళ్ల మీద తాను నిలిచేలా చేసే సాయం రెండవది. గత భాగంలో చర్చించిన ఐక్యరాజ్య సమితి సహాయ పునరావాస సంస్థ, అంటే ఉన్రా, ప్రధానంగా మొదటి కోవకు చెందుతుంది. 1943 నవంబరులో 44 దేశాల సంతకాలతో మొదలైన ఆ సంస్థ ఐరోపాలో తన పనిని 1947 మధ్యనాటికి ముగించింది. ఆ తరువాత వచ్చిన మార్షల్ ప్రణాళికను రెండవ కోవకు ప్రామాణికమైన ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అయితే ఆ ప్రణాళిక కింద ఓడల్లో ఐరోపాకు చేరిన సరుకుల జాబితాను పరిశీలిస్తే, అందులో యంత్రాల కన్నా తిండిగింజలు, పశువుల దాణా, ఎరువులు, పత్తి, బొగ్గు, చమురు ఎంతో ఎక్కువగా కనిపిస్తాయి. 1951 మధ్యనాటికి ముడిసరుకులు, సగం తయారైన సరుకుల మీద సుమారు 340 కోట్ల డాలర్లు, ఆహారం, దాణా, ఎరువుల మీద సుమారు 320 కోట్లు ఖర్చు కాగా, యంత్రాలు, వాహనాలకు ఖర్చయింది 190 కోట్ల డాలర్లు మాత్రమే. తినేసిన గోధుమ, కాల్చేసిన బొగ్గు, ఆనకట్టలుగానూ రైలుమార్గాలుగానూ ఎలా మారాయన్నదే ఈ భాగంలో ప్రధానాంశం. ఆ ప్రణాళిక గురించి రాసిన అనేక జనరంజక గ్రంథాలు దాన్ని ప్రకటించిన హార్వర్డ్ ఉపన్యాసం దగ్గరా, ప్రచ్ఛన్న యుద్ధం దగ్గరా ఆగిపోయి, ఈ అంశాన్ని తగినంతగా వివరించకుండా వదిలేశాయి.

1945 నాటి ఐరోపాలో జరిగిన విధ్వంసానికి ఒక ప్రత్యేకత ఉంది. నగరాల మీద బాంబులు కురిసిన మాట నిజమే గాని, కర్మాగారాల్లోని యంత్రాలలో ఎక్కువ భాగం, జర్మనీలో సైతం, పనికి వచ్చే స్థితిలోనే మిగిలాయి. పూర్తిగా తెగిపోయింది వాటిని కలిపే రవాణా వ్యవస్థ. తిరోగమిస్తున్న సైన్యాలు వంతెనలను తామే పేల్చివేశాయి. కొలోన్ నగరంలో రైన్ నది మీది హోహెన్‌జోలెర్న్ వంతెనను 1945 మార్చి 6న జర్మన్ సైన్యమే కూల్చివేసింది. ఇటలీలో వెనుదిరుగుతూ జర్మన్లు రైలు ఇంజను వెనుక ఒక భారీ ఉక్కు కొక్కేన్ని తగిలించి లాగించారు. అది పట్టాల నడుమ దిగబడి, దారి పొడవునా స్లీపర్లను నడిమికి విరుచుకుంటూ పోయేది. పట్టాల కింద ఆధారం పోయిన మార్గాన్ని కొత్తగా వేయవలసిందే తప్ప మరమ్మతు చేయడం సాధ్యమయ్యేది కాదు. ఫ్రాన్స్‌లో యుద్ధానికి ముందు సుమారు 17 వేల రైలు ఇంజన్లు ఉండగా, విముక్తి నాటికి నడిచే స్థితిలో మిగిలినవి 3 వేలకు అటూ ఇటూ మాత్రమే. జర్మనీలోని రూర్ గనుల్లో బొగ్గు తవ్వినా దాన్ని తరలించడానికి వ్యాగన్లు లేవు. వ్యాగన్లు తయారు చేయడానికి ఉక్కు కావాలి, ఉక్కుకు బొగ్గు కావాలి. ఈ విషవలయాన్ని ఏదో ఒక చోట బయటి నుంచి తెంపితే తప్ప ఆర్థిక వ్యవస్థ కదిలే అవకాశం లేకపోయింది.

మార్షల్ ప్రణాళికకు ముందే ఈ వలయాన్ని తెంపడానికి జరిగిన ప్రయత్నాలలో 141 ఆర్ అనే ఆవిరి ఇంజన్ల కథ చెప్పుకోదగినది. ఫ్రెంచి జాతీయ రైల్వే సంస్థ ఈ రకం ఇంజన్లు 1340 కావాలని అమెరికా, కెనడా కర్మాగారాలకు ఆర్డరు ఇచ్చింది. 1945 చివర మొదలై 1947 వరకు అవి ఓడల్లో అట్లాంటిక్ దాటి వచ్చాయి. వాటిలో 17 సముద్రం పాలయ్యాయి. అందులో అత్యధికం న్యూఫౌండ్‌లాండ్ సమీపంలో తుఫానుకు మునిగిన బెల్పమేలా అనే నార్వే ఓడతో పాటు మునిగిపోయినవే. మిగిలిన 1323 ఇంజన్లు ఫ్రాన్స్ రైల్వేకు ప్రాణం పోశాయి. బొగ్గు కొరత ఎంత తీవ్రంగా ఉండేదంటే, తరువాతి దశలో వచ్చిన ఇంజన్లలో అనేకం బొగ్గుకు బదులు చమురుతో నడిచేలా తయారయ్యాయి. సాదాగా, బలంగా, ఎవరైనా నడపగలిగేలా రూపొందిన ఆ ఇంజన్లు 1970ల వరకు సేవలో ఉన్నాయి.

ఇంజన్లు, యంత్రాలు, గోధుమ అన్నీ అమెరికాలోనే దొరుకుతున్న ఆ రోజుల్లో వాటికి చెల్లించడానికి డాలర్లు కావాలి. డాలర్లు సంపాదించాలంటే అమెరికాకు ఏదో ఒకటి ఎగుమతి చేయాలి. ఎగుమతికి కావలసిన ఉత్పత్తి ఇంకా పుంజుకోలేదు. దీన్నే ఆనాటి ఆర్థికవేత్తలు డాలర్ల కొరత అన్నారు. 1946-47 శీతకాలం అసాధారణ తీవ్రతతో విరుచుకుపడి, నదులు గడ్డకట్టి, బొగ్గు గనుల ముఖద్వారాల దగ్గరే గుట్టలుగా నిలిచిపోవడంతో ఈ కొరత సంక్షోభంగా మారింది. యుద్ధంలో గెలిచిన బ్రిటన్ సైతం 1947 ఫిబ్రవరిలో కర్మాగారాలకు విద్యుత్ సరఫరా కోత విధించింది. అదే నెలలో గ్రీస్, తుర్కీలకు తాను ఇస్తున్న సాయాన్ని ఇక కొనసాగించలేనని అమెరికాకు తెలియజేసింది. మార్చి 12న అధ్యక్షుడు ట్రూమన్ ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్ల సాయం కోరుతూ కాంగ్రెస్ ముందు ప్రసంగించాడు.

గ్రీస్‌లో ఆ సాయంతో జరిగిన పనులలో కోరింత్ కాలువ పునరుద్ధరణను కొంచెం వివరంగా చూడవలసి ఉంది. 1893లో ప్రారంభమైన ఈ 6.4 కిలోమీటర్ల కాలువ నిట్టనిలువు రాతిగోడల మధ్య సన్నగా సాగుతుంది. 1944లో వెళ్లిపోతూ జర్మన్ సైన్యం ఆ గోడలను పేల్చి కొండచరియలను కాలువలోకి కూల్చింది. వంతెనలను ధ్వంసం చేసి, ఆ శకలాలతో పాటు రైలు ఇంజన్లను సైతం నీటిలోకి తోసింది. 1947 నవంబరులో అమెరికా సైనిక ఇంజనీరింగ్ దళం తవ్వకం మొదలుపెట్టగా, 1948 జులై నాటికి చిన్న ఓడలకు, సెప్టెంబరు నాటికి అన్ని ఓడలకు దారి తెరుచుకుంది. అక్కడ అంతర్యుద్ధం సాగుతున్న కాలం అది. బాగుపడిన ప్రతి రోడ్డు మీదా ధాన్యం లారీలతో పాటు సైనిక వాహనాలు కూడా నడిచాయి. మౌలిక సదుపాయాల సాయాన్ని రాజకీయ ప్రయోజనం నుంచి వేరుచేసి చూడడం అసాధ్యమని గ్రీస్ ఉదాహరణ నిస్సందేహంగా తెలియజేస్తుంది.

ఇక మార్షల్ ప్రణాళిక రూపుదిద్దుకున్న క్రమం సుపరిచితమే కనుక క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. 1947 జూన్ 5న విదేశాంగ మంత్రి జార్జి మార్షల్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, పునరుద్ధరణ పథకాన్ని ఐరోపా దేశాలే కలిసికట్టుగా రూపొందించాలని, అమెరికా దానికి తోడ్పడుతుందని ప్రకటించాడు. బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్, ఫ్రెంచి మంత్రి జార్జ్ బిదో వెంటనే చొరవ తీసుకున్నారు. పారిస్ చర్చలకు వచ్చిన సోవియట్ మంత్రి మొలొతోవ్ జులై 2న వాకౌట్ చేశాడు. ముందు అంగీకరించిన చెకోస్లొవేకియా స్టాలిన్ ఒత్తిడికి లొంగి వెనక్కి తగ్గింది. మిగిలిన 16 దేశాలు ఆలివర్ ఫ్రాంక్స్ అధ్యక్షతన తమ అవసరాల నివేదికను సెప్టెంబరులో సమర్పించాయి. 1948 ఏప్రిల్ 3న ట్రూమన్ సంతకంతో ఆర్థిక సహకార చట్టం అమలులోకి వచ్చింది. దాన్ని నిర్వహించే ఆర్థిక సహకార పాలనా సంస్థకు, అంటే ఇ.సి.ఎ.కు, స్టూడీబేకర్ కార్ల కంపెనీ అధ్యక్షుడు పాల్ హాఫ్‌మన్ అధిపతి అయ్యాడు. చట్టం వచ్చిన పదకొండు రోజులకే, ఏప్రిల్ 14న, జాన్ హెచ్. క్విక్ అనే ఓడ టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి 9 వేల టన్నుల గోధుమతో ఫ్రాన్స్‌లోని బోర్దో రేవుకు బయలుదేరింది.

ఆ గోధుమ విషయంలో డబ్బు ఎటునుంచి ఎటు ప్రవహించిందో గమనిస్తే ప్రణాళిక అసలు నిర్మాణం బోధపడుతుంది. గోధుమ అమ్మిన అమెరికా వ్యాపారికి డాలర్లు ఇ.సి.ఎ. చెల్లించింది, కనుక డాలర్లు అమెరికా దాటి బయటికి రాలేదు. ఫ్రాన్స్‌లో ఆ గోధుమ ఉచితంగా పంచిపెట్టే వస్తువు కాదు. పిండిమర వాడు, రొట్టెలు చేసేవాడు, చివరకు రొట్టె కొన్న గృహస్థు అందరూ మామూలు ధరలకే ఫ్రాంకుల్లో చెల్లించారు. అలా వసూలైన దానికి సంబంధించి, గ్రాంటుగా అందిన ప్రతి డాలరుకు సమానమైన స్వదేశీ ద్రవ్యాన్ని ఫ్రెంచి ప్రభుత్వం తన కేంద్ర బ్యాంకులోని ఒక ప్రత్యేక ఖాతాలో జమ చేయాలని చట్టం నిర్దేశించింది. ఈ ఖాతాలోని సొమ్మునే కౌంటర్‌పార్ట్ నిధి అంటారు. అందులో 5 శాతం అమెరికా తన పాలనా ఖర్చులకు, కీలక ఖనిజాల కొనుగోలుకు వాడుకునేది; మిగిలిన 95 శాతం ఆ దేశ ప్రభుత్వానిదే. అయితే దాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్నా ఇ.సి.ఎ. సమ్మతి అవసరమయ్యేది.

ఈ ఏర్పాటులో గొప్ప వివేకం ఉందని అంగీకరించక తప్పదు. అప్పటికి ఐరోపా ప్రభుత్వాలకు విదేశీ మారకద్రవ్యం ఎంత కరువో, దేశంలో పెట్టుబడికి పొదుపు కూడా అంతే కరువు. పన్నులు పెంచితే అలసిపోయిన ప్రజలు భరించలేరు. నోట్లు అచ్చువేస్తే ధరలు మండిపోతాయి. కౌంటర్‌పార్ట్ నిధి ఈ రెండు చిక్కులనూ దాటించింది: దిగుమతైన సరుకు మార్కెట్లో కొరతను తగ్గిస్తే, దానికి ప్రజలు చెల్లించిన సొమ్ము ఖాతాలో చేరి, ద్రవ్యోల్బణం లేకుండానే దీర్ఘకాలిక నిర్మాణాలకు పెట్టుబడిగా సిద్ధమైంది. ఒకే సాయం రెండుసార్లు పనిచేసింది. అదే సమయంలో ఖాతా తాళం సగం పరాయి దేశం చేతిలో ఉండడం వల్ల, 1948లో పారిస్‌లో ప్రభుత్వాలు వరుసగా కూలుతున్న తరుణంలో, బడ్జెట్ లోటు అదుపు చేస్తే తప్ప నిధి విడుదల చేయబోమని అమెరికా ప్రతినిధులు ఒత్తిడి చేయగలిగారు. అమెరికా సరుకులలో కనీసం సగం అమెరికా ఓడల్లోనే రావాలన్న నిబంధన మరొకటి. దాని వల్ల రవాణా ఖర్చు పెరిగి, సాయం విలువలో కొంత భాగం ఓడల యజమానుల జేబుల్లోకే తిరిగి చేరింది.

ఈ నిధిని ఏ దేశం ఎలా వాడుకున్నదన్న చోటే అసలు తేడాలు బయటపడతాయి. ఫ్రాన్స్ దగ్గర అప్పటికే ఒక పథకం సిద్ధంగా ఉంది. 1946 జనవరిలో ఏర్పడిన ప్రణాళికా కమిషనుకు జాఁ మోనే నాయకుడు. ఆయన బృందం బొగ్గు, విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, వ్యవసాయ యంత్రాలు, రవాణా అనే ఆరు మూలరంగాలను ఎంచుకుని, ఇళ్ల నిర్మాణాన్ని సైతం వెనక్కి నెట్టి, పెట్టుబడి అంతా వాటికే మళ్లించాలని నిర్ణయించింది. పైకప్పు లేని కుటుంబాలు లక్షలాదిగా ఉన్న దేశంలో అది కఠినమైన నిర్ణయం; సాధారణ ఫ్రెంచి కుటుంబాలు ఇరుకు గదుల్లో మరెన్నో ఏళ్లు ఇబ్బంది పడి దాని మూల్యం చెల్లించాయన్న సంగతిని మోనే కీర్తిని గానం చేసేవారు మరువకూడదు. ఆధునికీకరణ నిధి పేరిట ఏర్పడిన పెట్టుబడి నిధికి 1949లో అందిన వనరులలో సుమారు 90 శాతం, మరుసటి ఏడు సుమారు సగం, కౌంటర్‌పార్ట్ ఖాతా నుంచే వచ్చాయి.

ఆ సొమ్ముతో వెలసిన నిర్మాణాలలో రోన్ నది మీది దోన్‌జేర్-మోంద్రగోన్ పథకం ముఖ్యమైనది. దోన్‌జేర్ దగ్గర నదిని మళ్లించి, పక్కనే తవ్విన వెడల్పాటి కాలువలోకి పంపి, బోలెన్ దగ్గర కట్టిన విద్యుత్ కేంద్రం మీదుగా జారవిడిచి, మోంద్రగోన్ దిగువన మళ్లీ నదిలో కలిపే పథకం అది. ఉరవడి ఎక్కువై పడవలు ఎదురీదలేని ఆ భాగంలో కాలువ నౌకాయానానికి దారి అయింది. కేంద్రం పక్కన కట్టిన ఎత్తైన లాకులో ఓడలను పైకెత్తేవారు, కిందికి దింపేవారు. అదే నీరు ఆరు టర్బైన్లను తిప్పి ఏటా సుమారు 200 కోట్ల యూనిట్ల విద్యుత్తును ఇచ్చింది. 1952 అక్టోబరులో అధ్యక్షుడు వేన్సాఁ ఒరియోల్ దాన్ని ప్రారంభించాడు. నది, పొలం, రేవు, కర్మాగారం నాలుగింటినీ ఒకే ప్రణాళికలో చూసిన ఈ ఆలోచన, ఆనాడు నదీలోయ పథకాలను చేపడుతున్న భారతదేశపు ఇంజనీర్లకు కొత్త కాదు.

బ్రిటన్ దారి వేరు. అందరికన్నా ఎక్కువగా, సుమారు 320 కోట్ల డాలర్ల సాయం పొందిన ఆ దేశం కౌంటర్‌పార్ట్ సొమ్మును అత్యధికంగా ప్రభుత్వ రుణం తీర్చడానికే వినియోగించింది. ధరలను అదుపులో ఉంచడానికి అది సహేతుకమైన పద్ధతే గాని, ఫలానా గని, ఫలానా రైలుమార్గం ఆ నిధితో లేచిందని చూపించగలిగే అవకాశం మాత్రం బ్రిటన్‌కు లేకుండా పోయింది. ఇటలీలో ద్రవ్య స్థిరత్వమే పరమావధిగా భావించిన పాలకులు పెట్టుబడికి మొదట జంకారు, 1949లో ఇ.సి.ఎ. తన నివేదికలో వారిని బహిరంగంగా తప్పుపట్టింది. అయినా రైల్వే పునరుద్ధరణకు, ఇళ్లకు నిధి అందింది. జెనోవా దగ్గరి కొర్నిల్యానో ఉక్కు కర్మాగారం యంత్రాలను జర్మన్లు యుద్ధకాలంలో ఊడదీసి తీసుకుపోగా, ఆ చోటనే మార్షల్ సాయం తోడ్పాటుతో ఆధునిక కర్మాగారం వెలిసింది.

ఆస్ట్రియాలోని కాప్రున్ జలవిద్యుత్ పథకం చరిత్ర మనసును కలచివేసేది. 1938లో నాజీ పాలన ఆర్భాటంగా శంకుస్థాపన చేసిన ఆ పథకానికి ఆల్ప్స్ పర్వతాల ఎత్తుల్లో యుద్ధఖైదీలు, బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ కూలీలు రాళ్లు మోశారు. చలికీ ప్రమాదాలకూ అనేకులు బలయ్యారు. యుద్ధం తరువాత మార్షల్ నిధులతో పని తిరిగి మొదలై, లింబెర్గ్ ఆనకట్ట 1951లో, మోసెర్‌బోడెన్ ఆనకట్టలు 1955లో పూర్తయ్యాయి. కొత్త ఆస్ట్రియాకు అది జాతీయ పునరుజ్జీవన చిహ్నం అయింది. మొదటి పునాదులు తవ్విన బానిస కూలీల ప్రస్తావన మాత్రం ఆ గాథలో చాలాకాలం కానరాలేదు. పునర్నిర్మాణ చరిత్ర రాసేవారు ఆనకట్ట ఎత్తుతో పాటు ఈ మౌనాన్ని కూడా నమోదు చేయవలసి ఉంటుంది.

సాయపు డబ్బు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్నను నెదర్లాండ్స్ ఉదంతం ఆసియా ప్రజల ముందుంచింది. స్వదేశంలో వరదకట్టలు, రేవులు బాగుచేసుకోవడానికి మార్షల్ సాయం అందుకుంటున్న డచ్చి ప్రభుత్వం, 1948 డిసెంబరు 19న ఇండొనేసియా గణతంత్రం మీద రెండవసారి సైనిక దాడి జరిపింది. ఒక చేతికి సాయం అందితే రెండవ చేతికి ఆయుధం పట్టే వెసులుబాటు దొరుకుతుందన్న విమర్శ అమెరికా సెనేట్‌లోనే వినిపించింది. డచ్చి ఈస్టిండీస్‌కు, అంటే డచ్చి వలస అయిన ఇండొనేసియాకు, కేటాయించిన సాయాన్ని ఇ.సి.ఎ. వెంటనే నిలిపివేసింది. 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఇండొనేసియా సమస్య మీద అంతర్జాతీయ సమావేశాన్ని ఏర్పాటు చేశాడు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి జోక్యం, సాయం మొత్తంగా ఆగిపోతుందన్న భయం కలిసి, ఆ ఏడాది డిసెంబరు 27న సార్వభౌమాధికారం బదిలీకి దారితీశాయి.

మొత్తం మీద నాలుగేళ్లలో మార్షల్ ప్రణాళిక కింద ఐరోపాకు అందిన సాయం సుమారు 1300 కోట్ల డాలర్లు. ఇది ఐరోపాను మృత్యుముఖం నుంచి లేపిందన్న వాదాన్ని బ్రిటిష్ ఆర్థిక చరిత్రకారుడు అలన్ మిల్వర్డ్ 1984లో ప్రచురించిన గ్రంథంలో గట్టిగా ప్రశ్నించాడు. ఆయన దృష్టిలో 1947 సంక్షోభానికి కారణం ఐరోపా కుప్పకూలడం కాదు; పునర్నిర్మాణం వేగంగా సాగుతూ యంత్రాల దిగుమతులు పెరగడంతో డాలర్లు నిండుకోవడం. ఈ వాదంలో బలం ఉంది. రైలుమార్గాలు, వంతెనలలో అధిక భాగం 1947 నాటికే స్థానికుల శ్రమతో తిరిగి పనిచేస్తున్నాయి. అయినా ఆ వేగం తగ్గకుండా, ప్రజల కడుపు మాడ్చకుండా, పెట్టుబడి కొనసాగడానికి కావలసిన వెసులుబాటు ఈ సాయం వల్లనే దొరికిందని మిల్వర్డ్ వాదం నుంచే నిర్ధారించవచ్చు. అందిన మొత్తం కన్నా, దాన్ని అందుకోవడానికి మోనే కమిషను వంటి సంస్థ ముందే సిద్ధంగా ఉండడం ఎక్కువ నిర్ణాయకమైందని ఫ్రాన్స్, ఇటలీల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టమవుతుంది.

కౌంటర్‌పార్ట్ పద్ధతి తరువాతి కాలంలో భారతదేశానికీ వచ్చింది. 1954 నాటి అమెరికా చట్టం పి.ఎల్. 480 కింద వచ్చిన గోధుమకు భారత ప్రభుత్వం రూపాయల్లో చెల్లించగా, ఆ సొమ్ము అమెరికా పేరిట మన దేశంలోనే జమ అయింది. ఫ్రాన్స్‌లోని నిధి ఫ్రాన్స్‌దే. ఇక్కడి నిధికి యజమాని అమెరికా. ఖర్చు కన్నా వేగంగా పేరుకుపోయిన ఆ నిల్వలు రాజకీయ వివాదంగా మారగా, చివరకు 1974 ఫిబ్రవరిలో 1664 కోట్ల రూపాయల చెక్కును అమెరికా రాయబారి డేనియల్ పాట్రిక్ మొయినిహన్ భారత ప్రభుత్వానికి అందజేయడంతో ఆ అధ్యాయం చాలావరకు ముగిసింది.

మళ్లీ ఐరోపాకు వస్తే, కౌంటర్‌పార్ట్ నిధిని వాడుకున్న దేశాలలో పశ్చిమ జర్మనీ ఉదంతం అన్నింటికన్నా విలక్షణమైనది. మార్షల్ సరుకులు ఒక రేవులో దిగుతుండగానే, నష్టపరిహారం పేరిట మిత్రరాజ్యాలు ఆ దేశపు కర్మాగారాలను విప్పి తరలించడం కొనసాగించాయి. 1949 నవంబరు 22 నాటి పీటర్స్‌బెర్గ్ ఒప్పందంతో గాని ఆ పని చాలావరకు తగ్గుముఖం పట్టలేదు. 1948 జూన్‌లో కొత్త మార్కు ద్రవ్యం అమలులోకి వచ్చాక, అదే ఏడాది నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పునర్నిర్మాణ రుణ సంస్థ ఏర్పడింది. జర్మన్ పేరులోని మొదటి అక్షరాలతో దాన్ని కె.ఎఫ్.డబ్ల్యు. అంటారు. కౌంటర్‌పార్ట్ సొమ్మును ఈ సంస్థ దానంగా పంచలేదు. విద్యుత్ కేంద్రాలకు, బొగ్గు గనులకు, ఇళ్లకు, కర్మాగారాలకు అప్పుగా ఇచ్చి, వడ్డీతో తిరిగి రాబట్టి, మళ్లీ కొత్త అప్పులుగా తిప్పింది. 1953 ఫిబ్రవరి నాటి లండన్ రుణ ఒప్పందంలో, యుద్ధానంతర సాయం కింద రావలసిన సుమారు 320 కోట్ల డాలర్లను అమెరికా 120 కోట్లకు తగ్గించుకుంది. అదే ఒప్పందం, ఆక్రమణకు గురైన దేశాల నష్టపరిహార దావాలను భవిష్యత్తుకు వాయిదా వేయడం వల్ల గ్రీస్ వంటి దేశాల ఫిర్యాదులు పరిష్కారం కాకుండా మిగిలిపోయాయి. మిగిలిన బాకీని పశ్చిమ జర్మనీ 1971 నాటికి తీర్చేసింది. అసలు నిధి మాత్రం ప్రత్యేక ఆస్తిగా చట్టరక్షణలో నిలిచి, అరిగిపోకుండా చిన్న పరిశ్రమలకు, ఆ తరువాత పర్యావరణ పథకాలకు, 1990 తరువాత తూర్పు జర్మనీ ప్రాంతాలకు అప్పులు ఇస్తూనే ఉంది.

(సశేషం. తరువాతి భాగంలో: జపాన్ పునర్నిర్మాణం.)